విధేయతకు హద్దు ఎవరిది? : విరాటపర్వం, నరసింహారెడ్డి గాథ, 'యజ్ఞం' – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అధికారం ముందు తల వంచడాన్ని తెలుగు సాహిత్యం ఒకచోట నేర్పుగా బోధించింది, మరొకచోట నీచమని ఈసడించింది. ఈ రెండు దృష్టులూ సింహాసనానికి దగ్గరగా నిలబడినవారివే. విధేయతను ఒక ఒడంబడికగా భావించి, అది భగ్నమయ్యే చోట హద్దు గీయడం ఈ రెండింటికీ ఉన్న సమాన లక్షణం. తిక్కన విరాటపర్వంలోని కొలువు నీతిని, గిద్దలూరు, కోయిలకుంట్ల ప్రాంతాలలో నిలిచిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథను, కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథను కలిపి చదివి, ఆ హద్దు ఎవరికి అందుబాటులో ఉందో, ఎవరికి లేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విధేయత, కొలువు, ధౌమ్యుడు, నరసింహారెడ్డి, పాలెగాళ్లు, గిద్దలూరు, యజ్ఞం.

ఉపోద్ఘాతం:
సెలవు కోరుతూ రాసే లేఖ మన విద్యార్థులు మొదట నేర్చుకొనే గద్యరచన. 'అయ్యా' అని మొదలై 'ఇట్లు తమ విధేయ విద్యార్థి' అని ముగిసే ఆ మూసలో విషయం కంటే వినయమే ఎక్కువ చోటు తీసుకొంటుంది. పాత అర్జీలలో 'మహారాజశ్రీ', 'దివ్యసముఖమునకు', 'చిత్తగించవలెను' అనే మాటలు ఉండేవి. ఏలినవారు, తమరు, దొరవారు, దాసుడు, బాంచెను వంటి మాటలు తెలుగులో 'నీవు', 'నేను' అనే సర్వనామాలకు బదులుగా నిలబడ్డాయి. 'నేను' అనవలసినచోట 'దాసుడు' అన్నవాడు వ్యాకరణంలోనే తనను తాను ఉత్తమ పురుష నుంచి ప్రథమ పురుషలోకి జరుపుకొన్నాడు. విధేయతను సాహిత్య వస్తువుగా పరిశీలించేవారు కథలోని పాత్రల కంటే ముందు ఈ భాషను గమనించవలసి ఉంటుంది.

మార్కాపురం పలకలకు పేరు. ఇక్కడి గనుల రాయి పలకలై దేశంలో ఎన్నో ప్రాంతాల పిల్లల చేతుల్లోకి వెళ్లింది. తెలుగు పిల్లలు పలక పట్టిన తొలి సంవత్సరాలలోనే కంఠస్థం చేసినవి సుమతీ శతక పద్యాలు. బద్దెన పేరుతో ప్రచారంలో ఉన్న ఈ శతకం పసివారికి చెప్పిన నీతులలో కొలువుకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి. అడిగిన జీతం ఇవ్వని దొరను కొలవడం కంటే ఎద్దులను కట్టుకొని సేద్యం చేసుకొని బతకడం మేలంటుంది ఒక పద్యం. అడియాసతో కొలువు చేయవద్దంటుంది మరొకటి. కొలవడమే తప్పని శతకకారుడు అనలేదు. జీతం దొరకని కొలువు తప్పన్నాడు. ఇక్కడ విధేయత ఒక ఒడంబడిక; ఒక పక్షం మాట తప్పితే రెండో పక్షం లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోవడానికి ఎద్దులు, పొలం ఉండాలన్న సంగతిని పద్యం వివరించదు, అవి ఉన్నట్లే భావిస్తుంది. ఈ భావన ఈ వ్యాసానికి మొదలు.

ధౌమ్యుని పాఠం:
విధేయతను ఒక విద్యగా బోధించిన ఘట్టం తెలుగులో ప్రసిద్ధమైనదే. అజ్ఞాతవాసానికి బయలుదేరుతున్న పాండవులకు పురోహితుడు ధౌమ్యుడు రాజు కొలువులో మెలగవలసిన తీరు చెబుతాడు. తగిన చోటు చూసి కూర్చోవడం, రాజభవనం కంటే అందమైన ఇల్లు కట్టుకోకపోవడం, ఆవులింత, తుమ్ము, నవ్వు, ఉమ్మి బయటపడకుండా జాగ్రత్తపడడం, రాజు ఆదరించాడు కదా అని అలవాటైనవాడిలా ప్రవర్తించకపోవడం, ఎండకూ వానకూ ఆకలికీ నిద్రలేమికీ ఓర్చడం ఆ పాఠంలో భాగాలు. డిగ్రీ తరగతులలో ఈ పద్యాలను నేటి ఉద్యోగ జీవితానికి ఉపయోగపడే సూక్తులుగా చెప్పడం పరిపాటి. మేమూ అలాగే విన్నాం, కొన్నేళ్లు అలాగే చెప్పాం.

అయితే ఆ పాఠం వింటున్నది ఎవరు? నిన్నటిదాకా ఇతరుల కొలువు అందుకొన్న ధర్మరాజు. రాజసూయంలో సామంతుల కానుకలు స్వీకరించిన చేతులను ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో ఆయన నేర్చుకోవలసి వచ్చింది. పుట్టుకతో సేవకుడైనవాడికి ఈ పాఠంతో పనిలేదు. వాడి శరీరానికి అది ఎప్పుడో వచ్చేసింది. పద్యాలుగా చెప్పవలసి వచ్చింది అలవాటు లేనివాడికే. తిక్కన కూడా ఈ విషయం ఎరిగినవాడే. నెల్లూరిని ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ రాజుకు అంకితమిచ్చాడు. భారత రచనకు వచ్చేసరికి కృతిపతి హరిహరనాథుడయ్యాడు. కొలువును లోపలినుంచి చూసిన మనిషి రాసిన కొలువు నీతి కాబట్టే ఆ పద్యాలలో ఆదర్శం కంటే అనుభవం ఎక్కువగా వినిపిస్తుంది. తుమ్మును కూడా దాచుకోవలసిన చోట మనిషి ఇంకేమేమి దాచుకోవాలో పాఠకుడే ఊహించుకొంటాడు.

ఆ పాఠానికి పరీక్ష కీచకుని ఘట్టంలో వస్తుంది. నిండు కొలువులో ద్రౌపదిని కీచకుడు తన్నాడు. విరటుడు కీచకుని శిక్షించలేడు. ఏలేవాడే తన సేనాపతికి లొంగి ఉన్నాడు. భీముడి చూపు చెట్టు మీదికి పోయింది. ధర్మరాజు వంటచెరకు మాట ఎత్తి, పదిమందికి ఉపయోగపడే ఆ చెట్టును కూల్చవద్దని మరుగు మాటలతో తమ్ముణ్ణి ఆపాడు. తర్వాత భార్యనే మందలించాడు, సభలో నాట్యగత్తెలా నిలబడడం తగదని. ఆమె అదే మాటను అందుకొని తన భర్తే నటుడని, జూదరి అని బదులిచ్చింది. ధౌమ్యుడు బోధించిన నియమాలన్నిటినీ ధర్మరాజు తు.చ. తప్పకుండా పాటించిన క్షణం ఇదే. ఆ పాటింపు ఎంత ఖరీదైనదో చెప్పడానికి తిక్కన వ్యాఖ్యానం జోడించలేదు. ద్రౌపది మాట చాలు. అయినా ఈ కథలో విధేయతకు ఒక గడువు ఉంది. ఏడాది ముగియగానే కంకుభట్టు మళ్లీ ధర్మరాజవుతాడు. పాండవులది గడువున్న దాస్యం. గడువు ఉందని తెలిసినవాడి సహనం వేరు. వలలుడితో పాటు విరటుని వంటశాలలో పనిచేసిన మిగతా వంటవారికి ఆ గడువు లేదు. వారి ఊసు కావ్యానికి పట్టలేదు.

కవుల ధిక్కారం:
రెండో ధోరణి గురించి మన విమర్శలో చాలినంత చర్చ జరిగింది. రాజసేవ నరకమన్న ధూర్జటి, కృతిని నరునికి అంకితమివ్వనన్న పోతన ఈ ధోరణికి ప్రతీకలు. ఇక్కడ ఒక్క విషయమే చెప్పవలసి ఉంది. శ్రీకాళహస్తీశ్వర శతకంలోని ఏవగింపు రాజులను దగ్గరగా చూసినవాడి ఏవగింపు. సంప్రదాయం ధూర్జటిని రాయల అష్టదిగ్గజాలలో చేర్చింది. పోతన పేరుతోనే సర్వజ్ఞ సింగభూపాలుని భోగినిని స్తుతించిన భోగినీ దండకం కూడా ప్రచారంలో ఉంది. అది ఆయనదా కాదా అన్న వివాదం తేలకపోయినా, ఆ వివాదం పుట్టడమే గమనించదగింది. ధిక్కరించిన కవి ఒకప్పుడు లొంగి ఉన్నాడా అని లోకం అడుగుతూనే ఉంటుంది. పైగా ఈ కవులు ఒక ప్రభువును వదిలి మరొక ప్రభువును చేరారు. రాజు పాదాలు వదిలి శివుని పాదాలు, రాముని పాదాలు పట్టుకొన్నారు. భక్తి కవిత్వంలో 'దాసుడు' అన్న మాట నీచం కాదు, గౌరవం. అంటే వీరు తిరస్కరించింది దాస్యాన్ని కాదు, అర్హత లేని యజమానిని. ఇక్కడా ఒడంబడికే, ఇక్కడా హద్దే.

పదకొండు రూపాయల భరణం:
కొలువుకూటం నుంచి ఖజానా గుమ్మం దగ్గరికి వస్తే లొంగుబాటు రూపం మారుతుంది. 1800లో నిజాం నుంచి దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉండి, పాలెగాళ్ల బలాన్ని అణచి, వారి సంతతిలో పలువురిని భరణాలకు పరిమితం చేశాడు. కత్తి పట్టిన వంశం నెల నెలా సర్కారు ముందు చేయి చాపే వంశమైంది. అదే మన్రో పేరును ఈ సీమ ప్రజలు తమ పిల్లలకు పెట్టుకొని మండ్రోలయ్య అని పిలుచుకొన్నారు కూడా. పాలెగాణ్ణి అణచినవాడిని రైతు దీవించడంలో వింత లేదు. లొంగుబాటు అందరికీ ఒకే అర్థం ఇవ్వదన్న సంగతి ఈ ఒక్క పేరులోనే ఉంది.

గిద్దలూరు, కంభం, మార్కాపురం ఆనాటి దత్త మండలాలలో భాగం. 1858లో కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలు కడప నుంచి కర్నూలు జిల్లాకు మారాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం అందులో కలిసింది. జిల్లా మారేసరికి ఈ ప్రాంతం రాయలసీమ సాహిత్య చరిత్రకూ కోస్తా సాహిత్య చరిత్రకూ మధ్య ఎటూ కాకుండా పోయింది. నరసింహారెడ్డిని రేనాటి వీరుడని మాత్రమే చెప్పి గిద్దలూరును ఒక వాక్యంలో దాటవేసే అలవాటుకు ఇదొక కారణం.

నొస్సం జమీ పోయిన తర్వాత ఆ పాలెగాళ్ల వారసుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం. ఆ సొమ్ము తెమ్మని ఆయన ఒక మనిషిని కోయిలకుంట్లకు పంపాడని, తహసీల్దారు ఆ మనిషిని అవమానించి, రెడ్డే స్వయంగా వచ్చి తీసుకోవాలని చెప్పి పంపాడని ప్రసిద్ధ కథనం. 1846 జూలై 10న రెడ్డి సుమారు 500 మందితో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. దొరికినది 805 రూపాయల 10 అణాల 4 పైసలు. జూలై 23న గిద్దలూరు దగ్గర వాట్సన్ నాయకత్వంలోని కంపెనీ సైన్యంతో పోరు జరిగింది. నల్లమల అంచున కొన్ని నెలలు తప్పించుకు తిరిగిన తర్వాత అక్టోబరు 6న పేరుసోమల ప్రాంతంలో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోట దగ్గర 1877 వరకు వేలాడనిచ్చారు. ఆ తల కూడా కంపెనీ రాసిన ఒక పాఠమే. చదవడానికి అక్షరాలు రానివారికోసం రాసింది.

ఈ గాథను మనం స్వాతంత్ర్య వీరగాథగా చదవడానికి అలవాటుపడ్డాం. 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' సినిమా తర్వాత విద్యార్థులకు వేరే కోణంలో చెప్పడం మరీ కష్టమైంది. వీరుని త్యాగాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. కాని కథ మొదలైన చోటును కాస్త ఆగి చూడాలి. భరణం తీసుకోవడమే ఒక లొంగుబాటు. ఆ లొంగుబాటును రెడ్డి ఏళ్ల తరబడి సహించాడు. ఆయన సహించలేనిది భరణాన్ని కాదు, భరణం కోసం గుమ్మంలో నిలబడడాన్ని. మనిషిని పంపి తెప్పించుకొంటే అది హక్కు, తానే వచ్చి చేయి చాపితే అది బిచ్చం. సొమ్ము అదే, పైసలతో సహా అంతే. అధికారి అడిగింది సొమ్ము మిగల్చడానికి కాదు, శరీరాన్ని రప్పించడానికి. ధౌమ్యుడు ధర్మరాజుకు నేర్పిన శరీర భాషనే తహసీల్దారు రెడ్డి నుంచి ఆశించాడు. ధర్మరాజుకు గడువు ఉంది కాబట్టి నేర్చుకొన్నాడు. రెడ్డికి గడువు లేదు. సుమతీ శతకకారుడు చెప్పిన హద్దు దాటింది ఎదుటి పక్షమే కాబట్టి తానూ లేచాడు.

కబురు తెచ్చిన మనిషి:
ఇంతవరకు వచ్చిన తర్వాత ఒక ప్రశ్న తప్పదు. ఖజానా గుమ్మంలో తిట్లు పడినది ఎవరు? రెడ్డి కాదు, రెడ్డి పంపిన మనిషి. వెనక్కి వచ్చి, తన మీద పడిన మాటలను తన నోటితోనే దొరకు వినిపించవలసి వచ్చింది ఆ మనిషికి. ఆ అవమానం ఇల్లు చేరేసరికి అది రెడ్డిగారి అవమానమైంది. కథనం కూడా అలాగే లెక్క కట్టింది. సేవకుడి ముఖం యజమాని ముఖానికి బదులుగా పంపిన వస్తువు. దానిమీద పడిన దెబ్బ యజమానికే చెందుతుంది. తహసీల్దారూ రెడ్డీ ఒకరికొకరు శత్రువులైనా ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే అవగాహన. కథను చెప్పుకొంటూ వచ్చిన మనమూ అదే అవగాహనలో ఉన్నాం.

గాథా సాహిత్య పరిశోధనలో తంగిరాల వెంకట సుబ్బారావు కృషి పునాది వంటిది. ఆయన 'రేనాటి సూర్యచంద్రులు'లో నరసింహారెడ్డి పక్కన బుడ్డా వెంగళరెడ్డి నిలబడతాడు. ఇద్దరిదీ ఉయ్యాలవాడే. ఒకరిని సర్కారు ఉరితీసింది. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన మరొకరిని అదే సర్కారు గౌరవించింది. జనం ఇద్దరినీ పాడుకొన్నారు. దీన్ని బట్టి జానపదుల దృష్టిలో వీరత్వానికి కొలబద్ద సర్కారును ఎదిరించడం ఒక్కటే కాదని తెలుస్తుంది. తమను ఏలదగిన మనిషి ఎవరన్నదే వారి ప్రశ్న. ఆ విధంగా వీరగాథ ధిక్కార గీతమే కాకుండా విధేయతా గీతం కూడా. పాడేవాడు వీరుని పేరు పలికి మెచ్చుకొన్నప్పుడు వినేవాడు ఒక దొరను కాదని మరొక దొర వైపు జరుగుతాడు. ధూర్జటి రాజును వదిలి శివుణ్ణి చేరినట్లే.

రెడ్డి వెంట నడిచినవారి సంగతి అంకెలలో మిగిలింది. తిరుగుబాటు తర్వాత 901 మందిపై అభియోగాలు మోపారు. 412 మందిపై నేరం రుజువు కాలేదు. 112 మందికి శిక్షలు పడ్డాయి. వీరిలో బోయలు, ఊరి కావలి కాసే కట్టుబడివారు ఉన్నారు. కట్టుబడివారి మాన్యాలు కంపెనీ పాలనలో చేజారిపోతున్న కాలమది. వారికి తమదైన కారణం ఉంది, తమదైన ఒడంబడిక ఉంది, అదీ భగ్నమైంది. కాని కథ వారి కారణాన్ని వారిదిగా చెప్పలేదు. రెడ్డి అవమానం వెనుక వారి ఆకలి నడిచింది. వారిని 'అనుచరులు' అని రాసిన ప్రతిసారీ మన పరిశోధన వ్యాసాలు కూడా ఈ పనినే చేస్తున్నాయి. ఈ మాటను నా సిద్ధాంత గ్రంథంలో నేనూ ఎన్నోసార్లు వాడాను.

హద్దు లేనివారు:
మార్కాపురం నుంచి గుంటూరు వెళ్లే దారిలోని వినుకొండలో పుట్టిన జాషువ ఈ లోటును మరోవైపు నుంచి చూశాడు. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు తన గోడును కాశీలోని శివునికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. నరసింహారెడ్డికి కబురు మోయడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇతనికి మనుషులలో అలాంటివాడు దొరకలేదు. పూజారి దగ్గర లేని సమయం చూసి దేవుని చెవిలో చెప్పమని జాగ్రత్త కూడా చెప్పవలసి వచ్చింది. కావ్యం సందేశ కావ్యాల మూసలో ఉన్నా, నిజానికి అది ఏ కచేరీ తీసుకోని ఒక అర్జీ. ఒడంబడికలో ఇతను ఏనాడూ పక్షం కాలేదు. భగ్నమయ్యేందుకు ఏమీ లేనప్పుడు హద్దు ఎక్కడ గీయాలి?

ఈ ప్రశ్నకు కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో ఇచ్చిన జవాబు భయంకరమైనది. 1966లో 'యువ'లో అచ్చైన ఈ కథ శ్రీకాకుళం ప్రాంతానిది. అక్కడికి వెళ్లడానికి కారణం దూరం కాదు, అధికారం రూపం. సుందరపాలెంలో తిట్టే తహసీల్దారు లేడు. పంచాయితీ పెద్ద శ్రీరాములునాయుడు మంచివాడు, ఊరికి ఎంతో చేసినవాడు, ధర్మం తప్పనివాడు. గోపన్న బాకీ తీర్చవలసిన అప్పల్రాముడు కూడా ఆ ధర్మాన్ని నమ్మినవాడే. అప్పు తీసుకొన్నమాట నిజమని ఒప్పుకొంటాడు. ఉన్న భూమి పోయినా సరే, బాకీ తీర్చడానికి సిద్ధపడతాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ అవమానించలేదు. గుమ్మంలో నిలబెట్టలేదు. న్యాయంగా, నెమ్మదిగా, అందరి సమ్మతితో ఒక కుటుంబం కంబారితనంలోకి జారిపోతోంది. రెడ్డిని లేపిన తిట్టు వంటిది అప్పల్రాముడికి దొరకదు. మంచి యజమాని ముందు లొంగుబాటుకు హద్దు కనిపించదు. సుమతీ శతకం చెప్పిన చెడ్డ దొర ఇక్కడ లేడు, వదిలి వెళ్లడానికి వేరే సేద్యమూ లేదు.

అప్పల్రాముడి కొడుకు సీతారాముడికి మాత్రం లెక్క తెలిసింది. తన తర్వాత తన కొడుకు కూడా ఆ బాకీ కింద బతకవలసి వస్తుందని గ్రహించి, ఆ పసివాణ్ణి చంపి పంచాయితీ ముందుకు తెచ్చి పడవేస్తాడు. అతను అధికారాన్ని కొట్టలేదు, ఖజానా దోచలేదు. అధికారానికి రేపు లొంగబోయే శరీరాన్ని లేకుండా చేశాడు. ధౌమ్యుడు దిద్దదలచిన శరీరం, తహసీల్దారు గుమ్మంలోకి రప్పించదలచిన శరీరం, ఇక్కడ పసివాడి శరీరమైంది. ఈ ముగింపు మీద విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకొన్నారు. ఒక తండ్రి అలా చేయగలడా, ఆ చర్య పాత్రకు సహజమా అన్నది వాదం. అంతకుముందు పుటలలో అప్పల్రాముడు నిండు పంచాయితీలో చేతులు కట్టుకొన్నంత అణకువతో తన కుటుంబ భవిష్యత్తును అప్పగిస్తూ మాట్లాడిన మాటల దగ్గర మాత్రం, అది సహజమా అని తరగతిలో నన్ను ఏ విద్యార్థీ ఇంతవరకు అడగలేదు.